ఈలలో గింజ

మంచం కోడుకి పురికొసతో కట్టిన ఈల,
రిటైరైన రోజు స్కూల్లో ఎవరూ వెనక్కి అడగనిది.
లోపల చెక్క గింజ అరిగి సగమైంది.
నీళ్ళకి ఒకసారి ఊదుతాడు బాబాయి,
పక్కకి తిప్పాలంటే రెండు.
మూడు ఊదితే
నేనేదో తప్పు చేస్తున్నానని.

ముప్పై నాలుగేళ్ళు డ్రిల్లు మాస్టారు నాగుల్ మీరా.
ఆలస్యంగా వచ్చినవాళ్ళ చేత గుంజీళ్ళు తీయించి తీయించి
సగం గుంటూరు మోకాళ్ళు గట్టిపరిచానంటాడు.
ఇప్పుడు ఊపిరితిత్తులు రెండూ నానిన అట్టముక్కలట.
పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పట్టి
నాకొక్కదానికే వినపడేలా చెప్పాడు.
బాబాయికీ వినపడింది.
"నెలలా, వారాలా?" అని తనే అడిగాడు,
రేపల్లె ప్యాసింజరు ఎంత లేటని అడిగినట్టు.

ఆ రాత్రి బాత్రూమ్ దగ్గర లేపబోతే
నడుం పట్టేసి నేనూ కూలబడ్డాను.
ఇద్దరం నేల మీద.
నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.
"కాశింబీ, మనిషిని నడుంతో కాదే, తొడలతో లేపాలి.
రేపు ఆరింటికి గ్రౌండుకి రా."
గ్రౌండంటే
మంచానికీ బీరువాకీ మధ్య నాలుగు నాపరాళ్ళు.

లెక్క తనది, గుంజీళ్ళు నావి.
నలభై ఆరేళ్ళదాన్ని,
కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని చెవులు పట్టుకున్నాను.
"వీపు నిటారు! తలెత్తు!
బస్తాలాగా ఆ పడ్డమేంటి?"
మొదటి రోజు నలభై.

పది నుంచి నాలుగు దాకా ఈల వినడం పక్కింటి రోశమ్మ గారి వంతు.
నేను కోల్డ్ స్టోరేజీలో టిక్కీల లెక్క రాస్తాను,
లాట్ నంబరు, రైతు పేరు, తూకం.
"ఇంట్లో అంత జబ్బు పెట్టుకుని ఎలా వస్తున్నావే" అంటుంది విమల.
ఏం చెప్పను?
ఎండిపోయీ ఘాటు చావనివాటి మధ్య,
మంచి ధర కోసం ఓపిగ్గా పడున్నవాటి మధ్య
కాసేపు చలికి వణకడం ఎంత హాయో.
సాయంత్రం వాకిట్లోనే కాళ్ళూ చేతులూ కడిగి
చీర మార్చుకుని గాని లోపలికి వెళ్ళను.
నా కొంగులో మిరపకాయ తనకి అరగంట దగ్గు.

ఇరవై ఎనిమిది.
పందొమ్మిది.
మొన్న శుక్రవారం పదకొండు దగ్గర ఆగిపోయి
పన్నెండు కోసం గదంతా వెతుక్కున్నాడు.
కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను.
అంకె పడందే లేవకూడదు కదా.
ఆక్సిజన్ మిషను గురగురమంది.
పాలబండి వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది.
తొడలు వణుకుతున్నాయి.
"పన్...నెండు."
లేచాను.
నా ఒళ్ళు అంత బరువని అంతకు ముందు తెలీదు.

మిగిలిన ఇరవై ఎనిమిదీ
రాత్రి డాబా మీద తీస్తున్నాను, తనకి చెప్పకుండా.
ఆకలేస్తోంది. పడుకోగానే నిద్ర పడుతోంది.
ఒకసారి పిక్కల్ని అద్దంలో చూసుకుని
దొంగతనం చేసినట్టు చీర దించేశాను.
ఇప్పుడు తనని ఒక్క ఊపున ఎత్తి కుర్చీలో కూర్చోబెడతాను.
నా బలమెంత, తను తేలికైందెంత?
రోజంతా తూకాలు రాసేదాన్నే,
ఇదొక్కటీ రాయను.

ఇవాళ ఆరింటికి ఈల నోట్లో పెట్టుకున్నాడు.
గాలి వెళ్ళింది. గింజ కదల్లేదు.
నీళ్ళు పట్టాను, వద్దన్నాడు.
తిప్పబోయాను, వద్దన్నాడు.
కళ్ళతో నాపరాళ్ళు చూపించాడు.
కుచ్చిళ్ళు దోపుకున్నాను,
చెవులు పట్టుకున్నాను.
రెప్ప వాల్చాడు, కూర్చున్నాను.
ఇంకా ఎత్తలేదు.

వీపు నిటారుగానే ఉంది, బాబాయ్.